నేల మీదే ఉన్నాం కదా!

విమాన ప్రమాదాల విచారణ నివేదికలు చదవడం నాకో పిచ్చి. ఇంట్లోవాళ్లకు గిట్టదు, అందులోనూ ప్రయాణానికి ముందురోజు. గాల్లో ఇంజన్ చెడిన కథల కన్నా నేల మీద చెడిన కథలే నాకు ఎక్కువ వణుకు పుట్టిస్తాయి. గాల్లో ఉంటే ముందు విమానాన్ని ఎగరనివ్వాలి, మిగతావన్నీ తర్వాతే. నేల మీద అలా కాదు. ఆపాలా, పక్కకు తిప్పాలా, జనాన్ని దించాలా అన్నవన్నీ ఒక్కసారే మీద పడతాయి.

రన్‌వే వైపు మెల్లగా నడుపుతూ ట్యాక్సీ చేస్తుండగా పసుపు లైటు వెలిగితే పెద్ద గొడవేం లేదు. ఆగి, పార్కింగ్ బ్రేక్ వేసి, చెక్‌లిస్టు చదువుతారు. ఆ లోపంతో ఎగరొచ్చో లేదో చెప్పే పుస్తకం వేరే ఉంటుంది. అది కుదరదంటే వెనక్కి రావడమే. టేకాఫ్ పరుగు మొదలయ్యాక లెక్క మారిపోతుంది. 777 లాంటి బోయింగుల్లో 80 నాట్లు దాటితే చిన్నాచితకా హెచ్చరికల మోతను విమానమే తొక్కిపెడుతుంది. ఇక నిప్పు, ఇంజన్ ఫెయిల్యూర్ లాంటి వాటికే ఆపుతారు. టేకాఫ్ ఆపాలన్న నిర్ణయానికి ఆఖరి హద్దైన వీ1 వేగం దాటిందా, మంట ఉన్నా ఎగరాల్సిందే.

1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ 737 పరుగులో ఉండగా ధబ్‌మంది. టైరు పేలిందేమో అనుకున్నారు. టైరైతే బ్రేకులు గట్టిగా తొక్కకూడదని మెల్లగా ఆపబోయారు. ఫైర్ బెల్ మోగింది 9 సెకన్ల తర్వాత. రన్‌వే వదిలి కుడికి తిప్పారు. ఎడమ ఇంజన్ దగ్గరి మంటను గాలి విమానం మీదికే తోసింది. 55 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. పైలట్లను తిట్టబుద్ధి కాదు. రెక్కకు చిల్లుపడి ఇంధనం కారుతోందని కాక్‌పిట్‌లో ఏ లైటూ చెప్పలేదు.

2016 అక్టోబరులో షికాగోలో ఒక 767కి కుడి ఇంజన్ పేలింది. టేకాఫ్ ఆపేశారు. ఫైర్ హ్యాండిల్ లాగితే ఇంజన్‌కు ఇంధనం బంద్, తిప్పితే మంటలార్పే సీసా ఖాళీ. తర్వాత 30 సెకన్లు ఆగి చూడమంటుంది చెక్‌లిస్టు. గాల్లో అది సబబే. నేల మీద అర నిమిషమంటే మాటలా? నేల మీది మంటకు విడిగా చెక్‌లిస్టు లేకపోవడాన్ని విచారణ తప్పుపట్టింది. ఎడమ ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే జనం దిగడం మొదలుపెట్టారు. ఆ గాలికి ఒకరు పడిపోయి బాగా దెబ్బతిన్నారు. అయినా 170 మందీ బతికారు.

వాళ్లలో కొందరు బ్యాగులతో సహా దిగారు! మహానుభావులారా, దిగమన్నప్పుడు పై అర జోలికి పోకండి. వెనకవాళ్లను దిగనివ్వండి.