అమృతాలు ముగ్గురు, అంజి ఒక్కడే

'అమృతం' సీరియల్ మాట వస్తే ఎవరో ఒకరు టైటిల్ పాట అందుకుంటారు. ఇంకెవరో అప్పాజీని అనుకరిస్తారు. ఆ తర్వాత పాత వాదన ఒకటి లేస్తుంది: అమృతంగా శివాజీ రాజా బావున్నాడా, నరేషా, హర్షవర్ధనా? ఒకే పాత్రని ముగ్గురు చేశారు కాబట్టి పోలిక తప్పదు. ఈ గొడవలో ఎవరు ఎటు నిలబడినా అంజి గురించి మాత్రం పేచీ ఉండదు. అంజి అంటే గుండు హనుమంతరావు. అంతే.

పేచీ లేకపోవడం వల్ల ఆయనకి ఒక నష్టం జరిగింది. ఎవరూ ఆయన నటన గురించి ఆగి ఆలోచించలేదు. మీమ్స్ ఉన్నాయి, పోయినప్పుడు రాసిన నివాళులున్నాయి. 'ఎప్పుడూ నవ్వించేవారు, మంచి మనిషి' అన్న మాటలున్నాయి. కానీ ఆరేళ్ల పాటు ఆయన ఆ తెర మీద ఏం పని చేశారు, అది లేకపోతే ఏమయ్యేది అన్న ప్రశ్నకి జవాబు వెతికినవాళ్లు తక్కువ. నా మటుకు నాకు, పేరు అమృతానిదే అయినా ఆ సీరియల్ బరువు మోసింది అంజి. దీనికి సాక్ష్యం సీరియల్ చరిత్రలోనే ఉంది.

ముందు లెక్కలు చూద్దాం. గుణ్ణం గంగరాజు 'జస్ట్ ఎల్లో' తరఫున తీసిన 'అమృతం' 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరులో ముగిసింది. వారానికొకటి చొప్పున 313 ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేసి ఎపిసోడ్‌కి ఇరవై నిమిషాలు అనుకున్నా మొత్తం వంద గంటలు దాటుతుంది. గుండు హనుమంతరావు నాలుగు వందల పైచిలుకు సినిమాల్లో చేశారంటారు. ఒక్కో సినిమాలో సగటున ఐదు నిమిషాలు కనిపించారనుకోండి, అదంతా కలిపితే ముప్ఫై మూడు గంటలు. ముప్ఫై ఏళ్ల సినిమా జీవితం కన్నా ఆరేళ్ల టీవీలోనే ఆయనకి ఎక్కువ చోటు దొరికిందన్నమాట.

చోటు అంటే నిడివి ఒక్కటే కాదు. ఆయన 1956లో విజయవాడలో పుట్టారు, నాటకాల్లోంచి వచ్చారు. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'తో సినిమాల్లో అడుగుపెట్టారు. అదే సినిమాలో అరగుండు వేషంతో బ్రహ్మానందం ఒక్కసారిగా పైకి లేచారు. హనుమంతరావు మాత్రం 'మాయలోడు', 'యమలీల', 'రాజేంద్రుడు గజేంద్రుడు' లాంటి సినిమాల్లో ఒక ముఖంగా మిగిలారు. తొంభైల సినిమాలో కామెడీ ట్రాక్ ఎలా నడిచేదో మనకి తెలుసు. హీరో కథ కాసేపు ఆగుతుంది, ఇద్దరు ముగ్గురు కమెడియన్లు వస్తారు, ఒకడు ఇంకొకణ్ణి కొడతాడు, దెబ్బలు తిన్నవాడు ఏడుపు ముఖం పెడతాడు, మళ్లీ హీరో వచ్చేస్తాడు. ఆ దెబ్బలు తినేవాడికి నిన్న లేదు, రేపు లేదు. ఇల్లూ పెళ్లామూ అప్పులూ ఏమీ ఉండవు. ఉన్నా రెండో సీన్లో ఎవరికీ గుర్తుండవు.

టీవీ ఆయనకి ఆ నిన్ననీ రేపునీ ఇచ్చింది. అంజికి శాంత అనే భార్య ఉంది, కట్టాల్సిన అద్దె ఉంది, అప్పాజీ అనే ఇంటి ఓనరున్నాడు, నష్టాల్లో నడిచే అమృత విలాస్ అనే హోటలుంది. అన్నిటికీ మించి ఒక స్నేహితుడున్నాడు. మెగా సీరియళ్లు రోజూ కన్నీళ్లు కురిపిస్తున్న రోజుల్లో అద్దె ఇంట్లో ఉండే రెండు జంటల చిల్లర కష్టాలని వారానికోసారి నవ్వుతో చెప్పాలన్న ఆలోచన మామూలుది కాదు. తెలుగు టీవీకి హాస్యం కొత్త కాదు, దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' అప్పటికే జనాన్ని నవ్వించింది. కాకపోతే అవే పాత్రలతో, అదే ఇంట్లో, ఆరేళ్ల పాటు జనాన్ని కూర్చోబెట్టాలంటే జోకులొక్కటే సరిపోవు. అక్కడుండే మనుషులు నిజమని నమ్మించాలి.

సరిగ్గా ఇక్కడే సీరియల్‌కి పెద్ద గండం వచ్చింది. హీరో మారాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. సంజీవిని పాత్రలో కూడా మనుషులు మారారు. మామూలుగా అయితే ఇలాంటి దెబ్బకి సీరియల్ కోలుకోదు. వచ్చే వారం టీవీ పెడితే అదే పేరుతో వేరే మనిషి సోఫాలో కూర్చుని ఉంటాడు, అతన్ని మనం అమృతం అనుకోవాలి! ఎలా అనుకున్నాం?

అంజి అనుకున్నాడు కాబట్టి. కొత్తగా వచ్చినవాడిని చూసి అంజి అదే చనువుతో 'ఒరేయ్' అన్నాడు. పాత కోపాలన్నీ వాడి మీదే చూపించాడు. పాత పథకాలు బెడిసికొట్టినప్పుడు పడ్డ దెబ్బలన్నిటికీ వాడే కారణమన్నట్టు చూశాడు. ముగ్గురు అమృతాల తీరు వేరు. శివాజీ రాజాలో మెత్తటి అమాయకత్వం, నరేష్‌లో జంధ్యాల సినిమాల నాటి హడావుడి, హర్షవర్ధన్‌లో కొంచెం చిరాకు కలిసిన తెలివితక్కువతనం. ముగ్గురికీ ఒకటే గతం ఉందని మనకి గుర్తు చేసింది ఎదురుగా ఉన్న అంజి ముఖం. వయసులో తనకన్నా బాగా చిన్నవాడైన హర్షవర్ధన్ పక్కన నిలబడి కూడా, వీళ్లిద్దరూ చిన్నప్పట్నుంచీ దోస్తులే అనిపించారు హనుమంతరావు. తేడా కనిపించలేదు మనకి. కనిపించనివ్వకపోవడమే ఆయన పనితనం.

అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి కూడా మారలేదు కదా అని మీరడగొచ్చు. నిజమే, వాళ్లు లేని 'అమృతం' ఊహించలేం. కానీ వాళ్ల పని వేరు. అప్పాజీ బయట్నుంచి తలుపు కొడతాడు, సర్వం పక్కనుండి గోతులు తీస్తాడు. ఇద్దరూ అమృతానికి అడ్డం వచ్చేవాళ్లే. అమృతాన్ని నమ్మాల్సిన పని వాళ్లకి లేదు. నమ్మేవాడు అంజి ఒక్కడే.

ఆ నమ్మకాన్ని ఆయన నటించిన తీరు చూడండి. దాదాపు ప్రతి కథా ఒకే దారిలో నడుస్తుంది. అమృతానికి ఒక ఐడియా వస్తుంది. అంజికి అనుమానం వస్తుంది. తర్వాత ఆశ పుడుతుంది. ఐడియా కొంప ముంచుతుంది. ఇందులో అనుమానం నుంచి ఆశకి మారే ఆ కాసిన్ని క్షణాలే హనుమంతరావు సామ్రాజ్యం. ముందు కనుబొమలు ముడిపడతాయి. గొంతు సన్నగా లేచి, వాక్యం చివరికొచ్చేసరికి జావగారిపోతుంది. తర్వాత కళ్లలో ఏదో కూడిక తీసివేత మొదలవుతుంది. వద్దనాలని ఉంది, ఒకవేళ నిజంగానే డబ్బులొస్తే అని కూడా ఉంది. మనకి నవ్వు ఎక్కువగా అమృతం మాటకి రాదు, ఆ మాట అంజి చెవిలో పడ్డాక వస్తుంది. పంచ్ ఒకరిది, నవ్వు ఇంకొకరి ముఖం మీద పేలుతుంది.

బుర్రకథ చూసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు మధ్యలో ఉంటాడు. పక్కన ఇద్దరు వంతలుంటారు, అందులో హాస్యం చెప్పేవాడొకడు. కథకుడు ఎంత గొప్పవాడైనా, వంత అందుకుని అడ్డు ప్రశ్న వేసి, ఆశ్చర్యపోయి, తానతందానా అంటేనే కథ ముందుకి కదుల్తుంది. అంజి అలాంటి వంత. సీరియల్ పేరు అమృతమే అయినా సిరివెన్నెల రాసి కళ్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ టైటిల్ పాట అంజిని పిలుస్తూ మొదలవడం నాకు కాకతాళీయం అనిపించదు.

తర్వాత జరిగిన రెండు ప్రయత్నాలు ఈ వాదనకి బలం. 2014లో గంగరాజే 'చందమామలో అమృతం' సినిమా తీశారు. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీష్. అప్పాజీ, సర్వం పాతవాళ్లే. హోటలు పెట్టడానికి ఏకంగా చంద్రమండలానికే వెళ్లినా సినిమా ఆడలేదు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. ఈసారి హర్షవర్ధన్ అమృతంగానే ఉన్నాడు, అంజిగా ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. అంటే పాత ప్రయోగానికి తలకిందులు: అమృతం అలాగే ఉండి అంజి మారాడు. శ్రీరామ్ ఎంత మంచి నటుడో చెప్పక్కర్లేదు. మాట విరుపులో ఆయనది ఆయనకే సొంతమైన దారి. అయినా చూస్తున్నంత సేపూ మనకి శ్రీరామ్ కనిపిస్తూనే ఉంటారు. అమృతాలు మారినప్పుడు మనల్ని ఒప్పించడానికి అంజి ఉన్నాడు. అంజి మారినప్పుడు ఒప్పించేవాడెవడూ లేకపోయాడు.

హనుమంతరావుకి లోపాలు లేవని కాదు. సినిమాల్లో ఆ ఏడుపు గొంతుని దర్శకులు తేరగా వాడేసుకున్నారు, ఆయన కూడా అడిగినట్టల్లా ఇచ్చేశారు. 'అమృతం'లో కూడా కొన్ని ఎపిసోడ్లలో కథ నీరసించినప్పుడు అదే గొంతు ఊతకర్రగా కనిపిస్తుంది. కానీ కథలో కాస్త పట్టున్న చోట ఆ గొంతులో ఓడిపోయి ఓడిపోయి మళ్లీ రేపటికి సిద్ధపడే మామూలు మనిషి వినిపిస్తాడు.

చివరి ఏళ్లలో ఆయన కిడ్నీ జబ్బుతో బాధపడ్డారు. చిరంజీవి లాంటివాళ్లు వైద్యానికి సాయం చేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. 2018 ఫిబ్రవరి 19న, 61 ఏళ్ల వయసులో, హైదరాబాదులో కన్నుమూశారు. సాయం చేసినవాళ్లకి దణ్ణం. అయినా ఆ వార్త పక్కనే ఇంకో సంగతి పెట్టి చూడాలి. అప్పటికే 'అమృతం' యూట్యూబ్‌లో కొత్త తరానికి చేరిపోయింది, రాత్రి అన్నం తింటూ ఒక ఎపిసోడ్ పెట్టుకునే అలవాటు ఎన్నో ఇళ్లలో ఉంది. 2012 కాపీరైట్ సవరణ తర్వాత పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ హక్కు కాస్త గట్టిపడింది. పాత ఎపిసోడ్ మళ్లీ ఆడిన ప్రతిసారీ అందులోని చిన్న నటులకి ఇంత వాటా అని లెక్కగట్టి ఇచ్చే పద్ధతి మాత్రం మన టీవీలో స్థిరపడలేదు. రోజు కూలీ లెక్కన చేసిన పని ఏళ్ల తరబడి ఆడుతూనే ఉంటుంది, చేసిన మనిషి మంచాన పడితే దాతలు రావాలి. దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకుంటే కుదరదు.

ఈసారి 'అమృతం' పెట్టినప్పుడు ఒక పని చేసి చూడండి. మాట్లాడేవాడిని వదిలేసి, వింటున్నవాడిని చూడండి. అమృతం ఏదో బ్రహ్మాండమైన పథకం చెప్తూ చేతులూపుతుంటాడు. ఫ్రేములో ఓ పక్కన అంజి ఏమీ అనకుండా నిలబడి ఉంటాడు. వద్దురా అనాలని నోటిదాకా వస్తుంది, మింగేస్తాడు. సరే అని తలూపుతాడు.