బామియాన్ మూర్తులు: మనం విస్మరించిన వారసులు

బామియాన్‌ను గురించి మన బౌద్ధ అధ్యయన వ్యాసాలు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. ధాన్యకటకాన్ని దర్శించిన హుయాన్‌త్సాంగే క్రీ.శ. 630 ప్రాంతంలో ఆ లోయను చూశాడన్న ప్రస్తావనతో ఆరంభమై, 55, 38 మీటర్ల ఎత్తుగల బుద్ధమూర్తులను వర్ణించి, 2001 మార్చిలో తాలిబన్లు వాటిని పేల్చివేసిన విషాదంతో ముగుస్తాయి. నడుమ గడిచిన పదమూడు శతాబ్దాల ఊసు వాటిలో ఉండదు. ఈ లోపం చిన్నది కాదు.

బౌద్ధం ఆ లోయలో అంతరించిన తరువాత మూర్తులు అనాథలు కాలేదు. పారసీక భాష వాటిని దత్తత తీసుకొంది. అవి ‘సుర్ఖ్ బుత్’, ‘ఖింగ్ బుత్’ అయినాయి. అంటే ఎర్రని విగ్రహం, తెల్లని విగ్రహం. ఆ ‘బుత్’ శబ్దం బుద్ధ శబ్దభవమే. విగ్రహభంజకుడిగా మనం తలచే గజనీ మహమూద్ ఆస్థానకవి ఉన్సురీ ఈ జంట పేరిట ఒక మస్నవీ కావ్యం రచించాడు. అల్‌బీరూనీ ఆ కథను అరబ్బీలోకి తెచ్చాడు. ఆ రెండు రచనలూ నేడు అలభ్యాలు. లోయలోని హజారా ప్రజలు మాత్రం ఈ మూర్తులను సల్సాల్, షాహ్‌మామా అనే ప్రేమికులుగా ఇటీవలి వరకు చెప్పుకొంటూనే వచ్చారు.

2003లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలోను, అదే సమయంలో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోను చేర్చినప్పుడు ఎనిమిది స్థలాలను గుర్తించింది. వాటిలో షహ్ర్-ఇ-గుల్‌గులా వంటి ఇస్లామీయ యుగపు దుర్గాలున్నాయి. షానామాలోని క్రూరప్రభువు జొహాక్ పేరు మోసే షహ్ర్-ఇ-జొహాక్ కూడా ఉంది. జాబితా గ్రహించిన ఈ అఖండతను మన వ్యాసాలు గ్రహించలేదు.

పునర్నిర్మాణవాదాన్ని ఈ దృష్టితోనే పరిశీలించాలి. 1964 నాటి వెనిస్ శాసనపత్రం శిథిలాల విషయంలో విడిపోయిన మూలఖండాలను తిరిగి కూర్చడాన్ని మాత్రమే అంగీకరిస్తుంది. పేలుళ్లలో ఆ శిల చాలావరకు పొడి అయింది. చీవరపు ముడతలను తీర్చిన మట్టిపూత నశించింది. కొత్తగా నిలిపేది ప్రతిరూపమే అవుతుంది. అయినా ‘ఇది బౌద్ధ ప్రపంచపు హక్కు’ అనే మాట మనలో వినవస్తున్నది. ఈ మూర్తులు ఈ నేలవారివి కావన్నదే విధ్వంసకుల భావన. ఇవి మనవి మాత్రమే అంటే ఆ భావనకే సమ్మతి తెలిపినట్లు కాదా?

సర్వం అనిత్యం గనుక రక్షణ వ్యర్థమనే వాదం మరొకటి. శిథిలాల నడుమ దొరికిన భూర్జపత్ర శకలాలలో ప్రతీత్యసముత్పాద సూత్రభాగం ఉండటం ఇక్కడ స్మరణీయం. హేతుప్రత్యయాలు ఉన్నంతకాలమే ఏదైనా నిలుస్తుంది. కథలు చెప్పుకొని ఆ మూర్తులను తమవిగా భావించిన జనుల మమకారం కూడా అట్టి ప్రత్యయాలలో ఒకటి.

కనుక పెద్ద కోష్ఠాన్ని ఖాళీగానే ఉంచడం ఉచితం. శ్రద్ధ గుహాచిత్రాలపై నిలవాలి. వాటిలో కొన్నింటిని ఏడవ శతాబ్దిలోనే తైలవర్ణాలతో చిత్రించారని 2008లో వెల్లడైంది. మన పరిశోధకులు సంస్కృత, చైనా ఆధారాలతో పాటు పారసీక ఆధారాలనూ చదవాలి. లోయవాసుల సమ్మతి లేని రక్షణ ఎంతటి సదుద్దేశంతో కూడినదైనా రక్షణ కాజాలదు.