ఆడవేషాలెన్ని?

కొత్త నాటిక ఒకటి బాగుందని ఏ దర్శకుడికి ఫోన్ చేసినా అవతలి నుంచి మొదట వచ్చే ప్రశ్న కథేమిటని కాదు. "మాస్టారూ, ఆడవేషాలెన్ని?" అని. ఒకటి అంటే గొంతులో హుషారు. రెండు అంటే "చూద్దాం లెండి". మూడు అన్నానో, మోకాళ్ళ నొప్పుల గురించీ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ కాసేపు మాట్లాడుకుని ఫోన్ పెట్టేస్తాం.

అడిగినందుకు వాళ్ళని తప్పుపట్టను. పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో నాటిక కట్టాలంటే నటి విశాఖపట్నం నుంచో విజయవాడ నుంచో రావాలి. రానూపోనూ ఖర్చులు, బస, రిహార్సల్‌కింత, ప్రదర్శనకింత. ఆవిడైనా పాపం అదే వారంలో మూడు నాటక సమాజాలకు మూడు పాత్రలు నోటికి పట్టి తిరుగుతుంటుంది. సమాజం నడిచేది నలుగురి జీతపు రాళ్ళ మీద. ఈ లెక్క తెలిసిన రచయిత కాగితం మీదే ఒక్క ఆడవేషంతో సరిపెడతాడు. అందుకే మన నాటికల్లో తల్లి ఉంటే భార్య ఉండదు. భార్య ఉంటే కూతురు అమెరికాలో ఉంటుంది.

చిత్రమేమిటంటే, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు ఆడవేషాలు కట్టింది మగవాళ్ళే. అయినా గురజాడ వెంకమ్మనీ బుచ్చమ్మనీ మధురవాణినీ పూటకూళ్ళమ్మనీ మీనాక్షినీ రాయకుండా ఆగలేదు. రంగస్థలం మీద ఆడవాళ్ళు లేని రోజుల్లో అన్ని పాత్రలు. ఆడవాళ్ళు వచ్చాక ఒకటి. 'ఆడవేషం' అన్న మాట మాత్రం మగవాళ్ళు చీర కట్టిన కాలం నుంచి అలాగే మిగిలిపోయింది.

నేను నటుణ్ణి కాను, దర్శకుణ్ణీ కాను. ఒడిశాలో రాయగడ దగ్గరున్న తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాను. షిఫ్టు లేని రాత్రుల్లో కాలనీ నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి. తెర చాటున టార్చిలైటు పట్టుకుని నిలబడ్డవాడికి ఒకటి తెలుస్తుంది. కొన్ని మాటలు నటుడి నోటికి వాటంతటవే వస్తాయి. కొన్ని మాటల్ని ఎన్ని రిహార్సల్స్ అయినా మనమే అందించాలి. ఆ రెండోరకం మాటల్లో తప్పు నటుడిది కాదని నా అనుభవం.

రచయితలు నాకు పంపే స్క్రిప్టులు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తాయి. రాయగడ వెళ్ళి జిరాక్సు షాపులో ప్రింటు తీయిస్తాను. పీడీఎఫ్ అయితే సరే, అనూ ఫాంటులో కొట్టిన ఫైలే పంపారంటే ఆ కంప్యూటర్లో ఫాంటు లేక అక్షరాలన్నీ గజిబిజి. ఇంటికొచ్చి పెరటి అరుగు మీద కూర్చుని పైకి చదువుతాను. మనసులో చదివితే ప్రతి నాటికా బాగానే ఉంటుంది. మా ఆవిడ పక్కనే చేటలో చోళ్ళు చెరుగుతూ వింటుంది. వింటున్నానని ఒప్పుకోదు. చేట చప్పుడు ఆగిన చోట కాగితం పక్కన పెన్సిల్‌తో చుక్క పెడతాను. నలభై పేజీల్లో అయిదు చుక్కలు పడితే దర్శకుడికి ఫోన్ చెయ్యొచ్చు. చివరి పేజీలో కథానాయకుడు సమాజం మీద ఉపన్యాసం మొదలెట్టగానే చేట ఇంకా జోరందుకుంటే ఫోన్ రచయితకే చేస్తాను.

దర్శకుడికి 'బాగుంది' అని రాయను. బాగుందన్న మాటతో వాళ్ళకేమీ పనిలేదు. పాత్రలెన్ని, ఎన్ని నిమిషాలు, సెట్టు లారీలో పడుతుందా, మధ్యలో ఎక్కడ జారుతుంది, పోస్టుకార్డులో పట్టేంత. లోపం ముందు చెబుతాను. తర్వాత తెలిస్తే మన మాట మీద నమ్మకం పోతుంది. ఒక స్క్రిప్టు ఒకరికే. పదిమందికి పంపితే ఇంకెవరో ఆడతారులే అని పదిమందీ పక్కన పెడతారు. రచయిత సరేననకుండా కాగితం చేయి దాటనివ్వను. "'కొడుకు పుట్టాల' లాంటిది ఏదైనా ఉంటే చెప్పండి" అని కొందరు అడుగుతారు. అది రాసిన గణేశ్ పాత్రో మా పొరుగున పార్వతీపురం వైపు మనిషే. అలాంటిది కావాలంటే అదే ఆడండి, కొత్తది ఎందుకంటాను.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. ఒకసారి ఒక నాటికను నెత్తిన పెట్టుకుని ఒక సమాజానికి అప్పగించాను. ముసలి దంపతుల కథ. చివర ఇద్దరూ ఒక్క మాటా లేకుండా రెండు నిమిషాలు కూర్చోవాలి. చదివినప్పుడు చేట అక్కడే ఆగింది. ప్రదర్శన రాత్రి వేదిక రైలు కట్టకు వంద గజాల్లో ఉంది. మాది విజయనగరం–రాయపూర్ లైను, గూడ్సు బళ్ళకి కొదవలేదు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ఒకటి వచ్చింది. ముందు వరసలో ఒక పిల్లాడు పెట్టెలు పైకే లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. దర్శకుడు ఏమీ అనలేదు, టీ తాగించాడు. అప్పట్నుంచి స్క్రిప్టు పంపేముందు నేనూ ఒక ప్రశ్న అడుగుతున్నాను, ఎక్కడ ఆడతారని.

దర్శకుల రెండో ప్రశ్న "ప్రైజొస్తుందా?" 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి మన నాటకానికి పరిషత్తు పోటీలే ఊపిరి. 1998 నుంచి నంది నాటకోత్సవాలు తోడయ్యాయి. పోటీలు లేకపోతే ఎన్ని సమాజాలు మిగిలేవో చెప్పలేను. కానీ పోటీకి ఒక గంట, ఒక సెట్టు, చివర ఒక ఏడుపు అని ఒక మూస పడిపోయింది. ఆ మూసలో ఇమడని నాటిక అరుగు మీదే ఉండిపోతుంది. అలాంటిదాన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్ నడిపిన జార్జ్ డివైన్ కొత్త నాటకాలు కావాలని ప్రకటన ఇస్తే ఏడొందల యాభై దాకా వచ్చాయట. వాటిలో ఆయనకు పనికొచ్చింది జాన్ ఆస్బర్న్ 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్'. అప్పటికే దాన్ని ఏజెంట్లు తిప్పికొట్టారు. థేమ్స్ నది మీద పడవింట్లో ఉంటున్న రచయిత దగ్గరికి డివైన్ చిన్న పడవలో వెళ్ళాడు. 1956 మే 8న తెర లేచింది. మా దర్శకులు పడవెక్కక్కర్లేదు, విశాఖ నుంచి మా ఊరికి నేరుగా రైలుంది.

మా వైపు ఇంకో చిక్కుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ కొరాపుట్ సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీ. జయపురం రాజు విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. ఇప్పుడు మా కాలనీ పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మాటొచ్చు, అక్షరం రాదు. వేషం కట్టే కుర్రాళ్ళు తమ డైలాగులు ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో మన ఎ, ఏ లకు ఒకటే అక్షరం. ఒ, ఓ లకూ అంతే. ఒకసారి తండ్రి పాత్రధారి కళ్ళనీళ్ళు పెట్టుకుని "అప్పులు మేడ మీద కూర్చున్నాయమ్మా" అన్నాడు. రచయిత రాసింది మెడ. "ఎన్నో అంతస్తు బాబూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఆ తర్వాత నాటిక మొత్తం హాస్యనాటికే.

దాంతో వాళ్ళకి కాగితం ఇవ్వడం మానేశాను. మా కుర్రాళ్ళ కోసం నాటికంతా నేనే చదివి ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నాను. చెవితో నేర్చుకోదగిన నాటికే మా ఊళ్ళో ఆడుతుంది. వాక్యం గుక్క తిప్పుకోకుండా అనగలిగేలా ఉండాలి. పుస్తకాల మాటలు రెండుంటే చాలు, వాడు అక్కడ ఆగి నావైపు చూస్తాడు.

పోయిన నెల ఒకటి చేతికొచ్చింది. అమ్మమ్మ, కూతురు, కోడలు, మనవరాలు. నాలుగు. తొమ్మిది చుక్కలు పడ్డాయి. ఒక దర్శకుడికి ఫోన్ చేశాను.

"ఎన్నన్నారు మాస్టారూ?"

"నాలుగు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఆదివారం చదువుతాలెండి" అన్నాడు. రెండు ఆదివారాలైంది. ఈలోగా మా కాలనీ ఆడపిల్లల కోసం రికార్డింగు మొదలెట్టాను. మొదటి రంగం అయింది. రెండో రంగం దగ్గర మా ఆవిడ చేట పక్కన పెట్టి, అమ్మమ్మ మాటలు ఆ ప్రాంప్టింగు గొంతుతో చదివితే పిల్లలు అలాగే నేర్చుకుంటారని, ఫోన్ ఇటిమ్మని చెయ్యి చాపింది.