వి రైజింగ్: ముందు నీడను నేర్చుకోండి

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’ నవలలో రక్తపిశాచి అయిన డ్రాకులా ప్రభువు పట్టపగలు లండన్ వీధిలో కనిపిస్తాడు. పగటిపూట అతని శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండ సోకితే రక్తపిశాచి అంతమైపోతుందన్న ఊహ జనంలో నాటుకున్నది పాతికేళ్ల తర్వాత, 1922లో మూర్నావ్ తీసిన ‘నాస్ఫెరాటు’ మూకీ చిత్రంతో. వంద ఏళ్ల కిందటి ఆ దృశ్యమే ఇవాళ ఒక వీడియో గేమ్‌కు ప్రాణం పోసింది. స్వీడన్‌లోని షోవ్డె పట్టణంలో ఉన్న స్టన్‌లాక్ స్టూడియోస్ తయారుచేసిన ఆ గేమ్ పేరు ‘వి రైజింగ్’. 2022 మేలో ఎర్లీ యాక్సెస్‌గా విడుదలై, 2024 మే 8న పూర్తి రూపానికి వచ్చింది.

చెట్లు కొట్టి, రాళ్లు పగలగొట్టి, పనిముట్లు చేసుకుని బతికే ఆటలు మనవాళ్లకు కొత్త కాదు. మైన్‌క్రాఫ్ట్ ఆడిన పిల్లలందరికీ తెలుసు: చీకటి పడేలోపు గోడలు కట్టుకోవాలి, తెల్లవారేదాకా తలుపు తీయకూడదు. వి రైజింగ్‌లో మీరే రక్తపిశాచి గనక ఈ లెక్క తిరగబడుతుంది. చీకటి మీది, వెలుతురు శత్రువుది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కత్తి కన్నా ముందు ఎండను అర్థం చేసుకోవాలని నా గట్టి నమ్మకం. చాలామంది మొదటి చావులు శత్రువుల చేతుల్లో కాదు, ఎండలోనే.

ఎండలోకి అడుగు పెట్టగానే ఒళ్లు కాలడం మొదలవదు. కొద్ది క్షణాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక చెట్టు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు పరుగెత్తవచ్చు. కొండ అంచు, శిథిలమైన గోడ, గుబురుగా పెరిగిన మానులు, నేల మీద నల్లగా పడే ప్రతి మరకా మీకు దారే. అయితే సూర్యుడు కదిలేకొద్దీ నీడా జరుగుతుంది. కలప కోసం ఇంటి చుట్టూ చెట్లన్నీ నరికేసుకుంటే, మర్నాడు పగలు గడప దాటలేరు. కాబట్టి కలపకు కొంచెం దూరం వెళ్లండి, రోజూ తిరిగే దారిలో చెట్లను వదిలేయండి. ఈ గేమ్‌లో పగటికన్నా రాత్రి పొడవెక్కువ. దూర ప్రయాణాలూ పెద్ద పోరాటాలూ రాత్రి మొదట్లోనే పెట్టుకుంటే, మధ్యలో తెల్లవారి నీడ కోసం వెతుక్కునే అవస్థ ఉండదు.

ఇక ఇల్లు. స్టోకర్ నవలలో నాకు బాగా ఇష్టమైన చిన్న ఘట్టం ఒకటుంది. కోటలో అతిథిగా ఉన్న జోనథన్ హార్కర్, ఆ మహా ప్రభువు తన చేత్తో తానే పక్క సర్దుతుండగా, భోజనాల బల్ల మీద గిన్నెలు పెడుతుండగా చూస్తాడు. అంత కోటలో ఒక్క పనివాడూ లేడని అప్పుడు తెలుస్తుంది. ఎంత భయంకరుడైనా ఇంటి చాకిరీ తప్పలేదు. వి రైజింగ్ ఈ విషయాన్ని మనసుపెట్టి పట్టుకుంది. ఇందులో మీరు సమాధి నుంచి లేచిన ప్రభువే, కానీ పలకలు కోయాలి, ఇటుకలు చేయాలి, తోలు శుభ్రం చేయాలి.

కోటకు కేంద్రం క్యాజిల్ హార్ట్. దానికి రక్తసారం పోస్తూ ఉండాలి. అది అయిపోతే గోడలు శిథిలమవడం మొదలవుతుంది. సర్వర్‌లో ఆడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మీరు లేనప్పుడు కూడా అది కరుగుతూనే ఉంటుంది. ఆట ఆపే ముందు దాన్ని నింపి వెళ్లడం అలవాటు చేసుకోండి. గోడలు నాలుగు వైపులా మూసుకుంటేనే పైకప్పు దానంతటదే వస్తుంది. అప్పటిదాకా సొంత ఇంట్లోనూ ఎండ కాలుస్తుంది. మొదట చిన్న గది ఒక్కటి పూర్తిగా మూసేయండి, పెద్ద కోట తర్వాత. ఆరుబయట పనిచేయాలంటే ఎముకలు మండించి పొగమంచు పుట్టించే మిస్ట్ బ్రేజియర్ పెట్టుకోవచ్చు. ఏ పని చేసే గదిలో ఆ పనికి తగ్గ నేల పరిస్తే, అక్కడి యంత్రాలకు ముడిసరుకు తక్కువ పడుతుంది. మొదట్లో రాగి కరువుగా ఉన్నప్పుడు ఆ ఆదా పెద్దదే.

తూర్పు ఐరోపా పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. రక్తపిశాచి దారిలో గింజలు చల్లితే, అది ఒక్కొక్కటీ లెక్కపెట్టక ముందుకు కదల్లేదట. వి రైజింగ్‌లో సంచిలోని సరుకును పెట్టెల్లోకి సర్దే మీటకు ఆ లెక్కపెట్టే పిచ్చి పేరే పెట్టారు. పెట్టెలో ఇప్పటికే ఉన్న రకం సరుకు ఒక్క నొక్కుతో అందులోకి చేరుతుంది. జానపద విశ్వాసాన్ని రోజువారీ సౌకర్యంగా మలిచిన ఈ చిన్న పని దగ్గరే తయారుచేసినవాళ్ల ప్రేమ నాకు కనిపిస్తుంది. ప్రయాణం నుంచి రాగానే ఆ మీట నొక్కండి. ఎందుకంటే చనిపోతే ఒంటి మీది ఆయుధం, కవచం మీతోనే ఉంటాయి గానీ సంచిలోదంతా పడిన చోటే మిగిలిపోతుంది.

రక్తం ఆకలి తీర్చుకోవడానికి మాత్రమే కాదు. శత్రువు మీద గురి పెట్టగానే వాడి రక్తం ఏ రకమో, ఎంత శాతం శ్రేష్ఠమో తెలుస్తుంది. జంతువుల రక్తం నడక వేగం పెంచుతుంది, కూలీల రక్తం తవ్వకాల్లో రాబడి పెంచుతుంది, యోధుల రక్తం పోరాటానికి పనికొస్తుంది. కొత్తది తాగితే పాతది పోతుంది. కాబట్టి మంచి శాతం రక్తం ఒంట్లో ఉండగా దారిన పోయే ఎలుకను తాగి పాడుచేసుకోకండి. గనికి వెళ్లే ముందు ఒక కూలీని వెతకడం వృథా శ్రమ కాదు.

ఈ గేమ్‌లో అనుభవం కొద్దీ పెరిగే స్థాయిలు లేవు. ఒంటి మీది ఆయుధం, కవచం, హారమే మీ స్థాయి. వీ బ్లడ్ అని పిలిచే బాస్‌లను ఓడించి వాళ్ల రక్తం తాగితేనే కొత్త విద్యలూ కొత్త తయారీలూ తెరుచుకుంటాయి. స్టన్‌లాక్ ఇంతకుముందు ‘బ్లడ్‌లైన్ ఛాంపియన్స్’, ‘బ్యాటిల్‌రైట్’ అనే అరీనా గేమ్‌లు చేసింది. ఆ చేయి ఇక్కడ తెలుస్తుంది: దెబ్బలు గురి చూసి కొట్టాలి, వచ్చేవి తప్పించుకోవాలి. స్పేస్ మీటతో చేసే తప్పించుకోవడం మళ్లీ సిద్ధమవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, దాన్ని చిన్న దెబ్బలకు ఖర్చుచేయకండి. బాస్ దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు కొట్టడం తగ్గించి, అతను ఏ కదలిక తర్వాత ఏ దెబ్బ వేస్తాడో చూడండి. ఫార్‌బేన్ అడవిలో తెల్ల తోడేలు ఆల్ఫాతో మొదలుపెట్టడం మంచిది. దాన్ని గెలిస్తే తోడేలు రూపం వస్తుంది, నీడకీ నీడకీ మధ్య దూరం అంతలోనే తగ్గిపోతుంది. దెబ్బ తగిలితే ఆ రూపం విడిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

అడవి దాటి జనం ఉన్న ప్రాంతాలకు చేరాక వెల్లుల్లి ఎదురవుతుంది. దాని మధ్య నిలబడి పోరాడితే మీ దెబ్బ బలహీనపడుతుంది, మీకు తగిలేది ఎక్కువవుతుంది. శత్రువును బయటికి లాగి కొట్టండి. ఇంకా దూరాన సిల్వర్‌లైట్ హిల్స్‌లో వెండి దొరుకుతుంది. సంచిలో వెండి ఉన్నంతసేపూ అది మిమ్మల్ని కాలుస్తూనే ఉంటుంది. దూరాన్ని ఒక్కసారిగా దాటించే వేగేట్లు సాధారణ నియమాల్లో ముడిసరుకుతో మిమ్మల్ని దాటనివ్వవు గనక ఆ బరువుతో నడిచే రావాలి. అక్కడికి వెళ్లే రోజు వెండిని తట్టుకునే కషాయం ముందే కాచి పెట్టుకోండి. తెల్లవారడానికి ఎంత టైముందో చూసుకుని, ఇల్లు చేరగలిగినంత మేరకే తవ్వండి.