బొమ్మ చూపించనిది రాయమందాం

శ్రీకాళహస్తి కలంకారీ తెర దూరం నుంచి చూస్తే నడుమ పట్టాభిషేకమో, కల్యాణమో పెద్దగా కనబడుతుంది. అసలు కథ మాత్రం చుట్టూ ఉన్న చిన్న గళ్లలో నడుస్తుంది. వరసగా బొమ్మలు, వాటి కింద సన్నటి పట్టీలో తెలుగు రాత. కరక్కాయలో, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద చింతబొగ్గుతో గీసుకుంటారు. ఆపైన బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ నానబెట్టి తీసిన నలుపుతో, వెదురు కలంతో గీతలు దిద్దుతారు. నడిచేవాణ్ణి బొమ్మ చూపిస్తుంది. వాడెవడో, ఎక్కడికి పోతున్నాడో కింది రాత చెబుతుంది. ఇంత పాత బొమ్మల కథ తమ ప్రాంతంలోనే ఉందని తిరుపతి, చిత్తూరు పిలకాయలకు ముందు చూపించాలి. రాయడం నేర్పించే పాఠం అక్కడే మొదలుపెట్టవచ్చు.

మన ఒకటో తరగతి తెలుగు వాచకంలో పాఠానికి ముందు బొమ్మ ఉంటుంది. చూడండి, మాట్లాడండి అంటుంది. మాట్లాడించడానికి అది మంచి దారే. రాతకు వచ్చేసరికి చాలా తరగతుల్లో అది జాబితాగా మిగిలిపోతోంది: చెట్టు ఉంది, కుక్క ఉంది, అవ్వ ఉంది. బొమ్మలో కనబడేదాన్ని మళ్లీ రాయమంటే పిల్లకు చెప్పడానికేముంటుంది? అవ్వ ఇప్పుడే ఎవరితో మాట్లాడి వచ్చింది, కుక్కకు ఏం వాసన తగిలింది, తర్వాతి పేజీలో ఎవరు రాబోతున్నారు అని అడగాలి. బొమ్మ చూపలేని పేరు, మాట, చప్పుడు, నిన్నటి సంగతి, రేపటి భయం పిల్లల చేత రాయించాలి.

దీనికి ఖర్చేమీ లేదు. బొమ్మల పుస్తకంలో అక్షరాల మీద కాగితం కప్పి, కథ పిల్లల్నే చెప్పమనండి. వాళ్లు రాశాక కాగితం తీసి అసలు కథ చదవండి. ఎవరిది ఒప్పు అన్న ప్రశ్నే వద్దు. 1947లో మొదలైన చందమామ, ఫోటో వ్యాఖ్యల పోటీతో ఇంటింటా ఇలాంటి పనే చేయించింది. సంబంధం లేని రెండు ఫోటోలు ఇచ్చేది. రెండు వ్యాఖ్యలూ ఒకదానితో ఒకటి కలవాలి. నాలుగు మాటల్లో రెండు బొమ్మల్ని ముడివేయడం పెద్దవాళ్లకే కష్టం, అయినా కార్డులు రాసి పంపేవాళ్లు. ఈ ఆట నాలుగు, అయిదు తరగతుల్లో మళ్లీ పెట్టవచ్చు. అమెరికాలో క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1984లో వేసిన ‘ది మిస్టరీస్ ఆఫ్ హారిస్ బర్డిక్’లో 14 బొమ్మలున్నాయి. ఒక్కోదానికి ఒక పేరు, ఒక వాక్యం, అంతే. కథలు లేవు. అక్కడి బడుల్లో ఎన్నో ఏళ్లుగా పిల్లలు వాటికి కథలు రాస్తూనే ఉన్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి కథ చెప్పేవాళ్లను మార్చడం. బొమ్మల పుస్తకాల్లో ఏనుగు తరచుగా నవ్వుతూ ఉంటుంది. పలమనేరు, కుప్పం చుట్టుపక్కల పిల్లలకు తెలిసిన ఏనుగు వేరు. 1980ల నుంచి పొరుగు రాష్ట్రాల మందలు కౌండిన్య అడవికి వస్తున్నాయి. రాత్రిళ్లు చేలల్లో పడి తొక్కేస్తాయి, మామిడి కొమ్మలు విరుస్తాయి. అదే పుస్తకం వాళ్ల ముందు పెట్టి, మొదట కాపలాకు పోయిన నాయన మాటల్లో రాయించండి. మర్నాడు ఏనుగు మాటల్లో: దానికి టపాసు చప్పుడు ఎలా వినబడింది, పిల్ల ఏనుగు ఎక్కడ తప్పిపోయింది? మూడోరోజు, అడవి ఏనుగుల్ని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగు మాటల్లో: సాటి ఏనుగును తరమమంటే దానికెలా ఉంటుంది? పంట పోయిన కోపమూ ఏనుగు ఆకలీ రెండూ నిజమేనని రాసే పిల్ల తన రాతలోనే కనుక్కుంటుంది. ఉపన్యాసంతో ఇది రాదు.

ఆ రాత ఏ భాషలో ఉండాలి? ఇంట్లో మాట్లాడే భాషలోనే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తిరుపతి పక్కపల్లె మాటతోనే సినబ్బ కథలు, మిట్టూరోడి కథలు రాశారు. ఆ యాస సాహిత్యానికి సరిపోయినప్పుడు మూడో తరగతి నోట్‌బుక్కుకు సరిపోదా? మొదటి చిత్తులో ఎర్రసిరా పెట్టవద్దు. ఇంకా రాయలేని పిలకాయ చెబుతుంటే అయివారు అక్షరం మార్చకుండా రాసిపెట్టాలి. తన మాట కాగితం మీద కనబడ్డప్పుడే చదవాలన్న ఆశ పుడుతుంది. గుణింతాలు తర్వాత దిద్దవచ్చు.

ఒకే పంతులున్న బడిలో ఇవన్నీ ఎలా అంటారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల పల్లెబడులు దశాబ్దాలుగా కార్డులతో, అన్ని తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి నడుస్తున్నాయి. బొమ్మ కూడా అలా పంచుకోవచ్చు: ఒకటో తరగతి పేర్లు పెడుతుంది, మూడోది కథ కడుతుంది, అయిదోది సంభాషణ రాస్తుంది.

చివరికి పుస్తకం కట్టించండి. రెండు తెల్లకాగితాలు మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టి కుడితే ఎనిమిది పేజీలు. అట్టమీద పిల్ల పేరు రాయించి, బడి గ్రంథాలయంలో అచ్చుపుస్తకాల పక్కనే పెట్టండి. బొమ్మల పుస్తకాలు కొనలేని బడికి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. అయివార్లకూ అమ్మానాన్నలకూ ఒక్కటే మనవి: పిల్ల కథ చదివి వినిపించాక ‘ఇందులో నీతి ఏమిటి’ అని అడగవద్దు, ‘తర్వాతేమైంది’ అని అడగండి.