సేనాపతి మార్పు, నాయకుని మాట

యుద్ధము జరుగుచున్నపుడు దేశనాయకుడు ప్రజలతో పలికిన మాటలను మనము చరిత్రకారులకు విడిచిపెట్టుచున్నాము. సాహిత్యవిమర్శ వానిని తాకుట అరుదు. అయినను ఆ మాటలును వచనరచనలే. వానికి వక్త కలడు, శ్రోత కలడు, రసము కలదు, ఔచిత్యము కలదు. ఔచిత్యము తప్పిన కావ్యము పాఠకునకు అసంతృప్తిని మాత్రమే మిగుల్చును. యుద్ధప్రసంగమున అది తప్పినచో నష్టము వినినవారి బ్రతుకులపై పడును. కనుక ఇచ్చట విమర్శకుని బాధ్యత తక్కువది కాదు, ఎక్కువది.

ఈ విషయమున మనకు ప్రాచీనమైన కొలబద్ద యొకటి కలదు. భారతయుద్ధపు పదునెనిమిది దినములలో కౌరవసేనను భీష్ముడు పది దినములు, ద్రోణుడు ఐదు దినములు, కర్ణుడు రెండు దినములు, శల్యుడు ఒక పూట నడపిరి. ఈ వార్తలను ధృతరాష్ట్రునకు చెప్పువాడు సంజయుడు. అతడు చెప్పిన పద్ధతిని గమనింపుడు. పది దినముల పోరును మొదటినుండి వర్ణించుచు వచ్చి, చివరకు భీష్మపతనమును తెలుపడు. రణరంగమునుండి వచ్చిన వెంటనే భీష్ముడు పడెనని చెప్పును. అది యెట్లు జరిగెనో తరువాత వివరించును. ద్రోణుని విషయమునను, కర్ణుని విషయమునను ఇదే క్రమము. వినువాడు చూపులేని రాజు, పుత్రమోహమున మునిగినవాడు. అయినను సంజయుడు వార్తను మెత్తబరచడు. కథ చెప్పువానికి ఉత్కంఠను మొదటనే పోగొట్టుకొనుట లోపమువలె తోచవచ్చును. కాని వ్యాసుడెరిగిన మర్మమిది: సేనను నడపువాడు మారెననుటయే యుద్ధవార్తలలో మొదటిది, అది తెలియనివానికి తక్కిన వర్ణన యంతయు భ్రాంతియే.

ఈ కొలబద్దతో 1962 నాటి శరత్కాలమును చూతము. హిమాలయములనుండి కాక భిలాయినుండి చూతము. ఏలయన, యుద్ధప్రసంగమును వినువాడు సైనికుడు కాడు. అతడు ఆ వేళ కందకమున నుండును. రేడియో ముందు కూర్చుండువాడు రైతు, కార్మికుడు, గృహిణి. నేడు ఛత్తీస్‌గఢ్‌లో, నాడు మధ్యప్రదేశ్‌లో ఉండిన భిలాయి అట్టి శ్రోతల ఊరు. 1955లో సోవియట్ సంఘముతో జరిగిన ఒడంబడికవలన అచ్చట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. దేశము నలుమూలలనుండి వచ్చినవారితో, వారిలో తెలుగువారితోను, ఆ ఊరు నిండెను. ప్రణాళిక, శాంతి, విదేశమైత్రి అను మూడు మాటలు నెహ్రూ వచనమునకు మూలస్తంభములు. ఆ మూడును ఉక్కుగా, ఇటుకగా మారిన చోటు భిలాయి. 1962 అక్టోబరు 20న చైనా దాడి ఆరంభమైనది. 25న సోవియట్ పత్రిక ప్రావ్దా చైనా ప్రతిపాదనలను సమర్థించినది. రష్యను నిపుణులతో కలసి పనిచేయు ఊరికి నాయకుని మాట అవసరమైన సమయము ఇంతకుమించి వేరొకటి లేదు.

అక్టోబరు 22న నెహ్రూ ఆకాశవాణిలో మాట్లాడెను. ఆ ప్రసంగము వచనముగా మంచి రచన. వాక్యములు నిరాడంబరములు, స్వరము గంభీరము. శత్రువు బలవంతుడనియు, మన సేనలు వెనుకకు నెట్టబడెననియు ఆయన దాచలేదు. పొలములలోను, కర్మాగారములలోను ఉత్పత్తి పెరుగవలెనని కోరెను. భిలాయి కార్మికునకు తాను చేయవలసిన పని అందు స్పష్టముగా తెలిసినది.

లోపము ఆ ప్రసంగమున చెప్పినదానిలో లేదు, చెప్పనిదానిలో కలదు. పది దినములకు ముందు, అక్టోబరు 12న, సింహళమునకు బయలుదేరుచు ఆయన మన భూభాగమునుండి చైనావారిని తొలగింపుడని సేనకు ఆదేశమిచ్చితినని విలేకరులతో చెప్పియుండెను. అంతకు ముందే, అక్టోబరు 10న, థగ్‌లా శిఖరపంక్తి క్రింద జరిగిన ఘర్షణ ఆ ఆదేశము నెరవేరునది కాదని చాటినది. ఈశాన్యమునకు క్రొత్తగా ఏర్పడిన నాలుగవ కోరు సేనాపతి లెఫ్టినెంట్ జనరల్ బి. ఎం. కౌల్ జబ్బుపడి ఢిల్లీకి చేరెను. అయినను పదవి ఆయనదే, ఆజ్ఞలు రోగశయ్యనుండియే పోవుచుండెను. దాడి ఆరంభమైన నాడు సేనాపతి రణభూమికి వందల మైళ్ల దూరమున నుండెను. కొద్దిదినములు హర్బక్ష్ సింగ్ ఆ స్థానమునకు వచ్చెను. నెల ముగియక మునుపే కౌల్ తిరిగి వచ్చెను. రెండు వారములలో సేనాపత్యము రెండుమారులు చేతులు మారినది. ప్రసంగము వినినవానికి ఎవరో ఒకరు స్థిరచిత్తముతో సేనను నడపుచున్నారనియే తోచును. ఇచ్చట సంజయుడు లేడు.

నవంబరు 19 నాటి ప్రసంగమును న్యాయముగా తూచవలెను. దానిని కేవలము నిందించుట సులభము. వలాంగ్, సేలా, బొండిలా చేయిజారెనని నాయకుడు స్వయముగా పేరుపేరున చెప్పుట అల్పమైన ధైర్యము కాదు. శత్రువు పోవువరకు విశ్రమింపమనియు అందు కలదు. కాని తన హృదయము అస్సాము ప్రజల బాధలో పాలుపంచుకొనుచున్నదన్న భావము గల వాక్యము తక్కిన అన్నిటిని మింగివేసినది. అస్సాములో అది వీడ్కోలుగా వినబడెను. ఆ నొప్పి తరములు గడచినను మానలేదు. ఆలంకారికుని భాషలో చెప్పవలెనన్న, ఇది రసానౌచిత్యము. కరుణము దూరమున నిలిచి చూచువాని స్వరము. రక్షింపవలసిన వాడు ఆ స్వరమున పలికినచో వినువాడు తనను మృతునిగా ఎంచిరని తలచును. పలికినవాని దుఃఖము నిజము కాదని కాదు. నిజమైన దుఃఖమునకును సందర్భము వలెను. అదే దినమున ఆయన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వాయుసేనాసాహాయ్యమును అర్థించుచు రెండు లేఖలు వ్రాసెను. అవి పూర్తిగా వెలుగు చూచుటకు దశాబ్దములు పట్టినవి. రహస్యలేఖలలో అవసరము సూటిగా పలికినది. ప్రజల ముందు దుఃఖము మాత్రము మిగిలినది.

తరువాత జరిగినది మరింత విచిత్రము. ప్రధాన సేనాధిపతి జనరల్ థాపర్ పరాజయభారముతో తప్పుకొనెను. పార్లమెంటునకు చెప్పిన మాట అనారోగ్యము, దీర్ఘకాలపు సెలవు. నిజముగా జబ్బుపడిన సేనాపతి పడకపైనుండి సేనను నడపగా, ఓటమికి తలయొగ్గి తప్పుకొనినవాడు రోగిగా ప్రకటింపబడెను! ఒకే పదము ఉండవలసిన చోట లేక, ఉండరాని చోట ఉన్నది. వచనము అబద్ధమగుట ఇట్లే; పెద్ద బొంకులవలన కాదు, మర్యాదకొరకు వాడిన చిన్నమాటలవలన.

థాపర్ స్థానమునకు వచ్చిన జనరల్ జె. ఎన్. చౌదరి తెలుగువారికి క్రొత్తవాడు కాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై నడచిన సేనకు ఆయనయే నాయకుడు. ఆ సెప్టెంబరు 17న నిజాం రేడియోలో మాట్లాడెను. ఆ ప్రసంగమున వాగ్వైభవము లేదు, అది ఓడినవాని మాట. అయినను మంత్రివర్గము తొలగెననియు, కాల్పులు ఆపుమని ఆజ్ఞ యిచ్చితిననియు, భారతసేనలు బొల్లారము, సికిందరాబాదులకు వచ్చుననియు అందు తెలియజేయబడినది. మరునాడు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌదరి ముందు లొంగిపోయెను. తరువాత పల్లెలలో జరిగిన హింసను ఆ మాట ఆపలేదు. స్పష్టమైన మాటకు సర్వశక్తియు ఉండునని నేననను. కాని అధికారము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవుచున్నదో సామాన్యునకు తెలిసినది. గెలువదలచిన ప్రజాస్వామ్యము ఓడిన రాజు చెప్పినంత సూటిగానైన చెప్పకపోవుట మనము ఆలోచింపవలసిన విషయము.

యుద్ధమున రహస్యములు తప్పవని కొందరందురు. నిజమే. సేన ఎచ్చట నున్నది, ఎటు కదలునను విషయములు దాచవలసినవే. కాని సేనాపతి ఉన్నాడా లేడా యనునది శత్రువునుండి దాచదగిన రహస్యము కాదు. అతడు దానిని పోరులోనే తెలిసికొనును. దానిని తెలియనివారు స్వదేశీయులే.

భిలాయిలో ఫర్నేసు రాత్రింబవళ్లు మండును. మనుషులు మాత్రము పాళీలుగా మారుచుందురు. దిగిపోవు పాళీవారు వచ్చు పాళీవారికి కొలిమి స్థితిని ఉన్నదున్నట్లు చెప్పవలెను: వేడి ఎంత, లోహము ఎట్లున్నది, ఏ గొట్టము నీరు కారుచున్నది. అంతయు బాగున్నదని పుస్తకమున వ్రాసి యింటికి పోయినవాడు తోటివాని ప్రాణమునకు ముప్పు తెచ్చినవాడగును. ఆ నివేదనలో అలంకారము లేదు. కాని దానికి మించిన ఔచిత్యము గల వచనమును నేనెరుగను. 1962 పరాజయమును విచారించి హెండర్సన్ బ్రూక్స్, భగత్ అను సేనానులు 1963లో నివేదిక సమర్పించిరి. ప్రభుత్వము దానిని నేటివరకు అధికారికముగా ప్రకటింపలేదు. పాళీ ఎన్నడో మారినది. పుస్తకము మాత్రము క్రొత్తవారి చేతికి రాలేదు.