నష్టం ఎవరిది, వాటా ఎవరిది

కొత్త వ్యాపారానికి చట్టరూపం ఎంచుకునేటప్పుడు ముందు తేల్చుకోవలసినవి రెండు. నష్టం వస్తే ఎవరి ఆస్తి మీదికి వస్తుంది? పెట్టినవాళ్లలో ఒకరు తప్పుకున్నా, చనిపోయినా వ్యాపారం ఎవరిదవుతుంది? పన్ను, ఖర్చు, హోదా ఆ తర్వాతి సంగతులు. కొద్ది రోజుల్లో ‘ప్రైవేట్ లిమిటెడ్’ చేసిపెడతామనే ప్రకటనలు ఈ వారం కూడా హోసూరు చుట్టుపక్కల కనిపించాయి. వాటిలో ఈ రెండు ప్రశ్నల ఊసే లేదు. బేరిగ దారిలోని అత్తిముగంలో లేత్ షెడ్డు వేసే కుర్రవాడికి గానీ, పాలీహౌస్‌లో గులాబీ పెట్టే రైతుకు గానీ అవే అసలు ప్రశ్నలు.

అన్నిటికన్నా తేలికైనది ఒక్కరి సొంత వ్యాపారం, అంటే ప్రొప్రైటర్‌షిప్. యజమాని పాన్ కార్డే వ్యాపారానికీ చెల్లుతుంది. 2020 జులైలో మొదలైన ఉద్యం నమోదు ఉచితం. తమిళనాడులో సరుకు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు, జాబ్ వర్క్ లాంటి సేవలకు 20 లక్షలు దాటితేనే సాధారణంగా జీఎస్టీ. సరిహద్దు దాటి బెంగళూరుకు సరుకు అమ్మితే మాత్రం మొదటి బిల్లుకే నంబరు కావాలి. దీని బరువంతా అప్పులో ఉంది: షెడ్డు బాకీ తీరకపోతే ఇల్లూ పొలమూ కూడా పోవచ్చు.

ఇద్దరు ముగ్గురు కలిస్తే 1932 చట్టం కింద పార్ట్‌నర్‌షిప్. ఒక భాగస్తుడు ఫర్మ్ పేరిట చేసిన అప్పుకు అందరూ బాధ్యులే. డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే ఒకరి మరణంతో ఫర్మ్ రద్దవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రిజిస్టర్ కాని ఫర్మ్ తనకు రావలసిన బిల్లు కోసం దావా వేయలేదు. డీడ్ రాసుకోవాలని, రిజిస్టర్ చేయించాలని ఈ శీర్షిక ఎన్నోసార్లు చెప్పింది. అన్నదమ్ముల మధ్య రాతలెందుకన్న మాట ఇంకా పోలేదు. అన్నదమ్ములు కాబట్టే రాసుకోవాలి. రాత ఉంటే గొడవ లెక్కల దగ్గరే తీరుతుంది, వంటింటిదాకా రాదు.

2008 చట్టంతో వచ్చిన ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో భాగస్తుడి బాధ్యత అతను పెట్టిన పెట్టుబడి వరకే. టర్నోవర్ 40 లక్షలు గానీ పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే దానికి ఆ చట్టం కింద ఆడిట్. కంపెనీకి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. ఫర్మ్, ఎల్ఎల్‌పీ లాభం మీద పన్ను 30 శాతం. కంపెనీ కొన్ని మినహాయింపులు వదులుకుంటే 22 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు. అయితే ఫర్మ్ లాభంలో భాగస్తుడి వాటాకు మళ్లీ పన్ను ఉండదు. కంపెనీ డివిడెండ్‌కు ఉంటుంది.

ఈ ప్రాంతంలో కంపెనీ రూపం విలువ బాగా తెలిసేది మీడో దగ్గర. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో 1984లో కలిసి పెట్టిన టైటాన్ హోసూరులో గడియారాల ఫ్యాక్టరీ కట్టింది. 1990లలో, కృష్ణగిరి ఇంకా ధర్మపురి జిల్లాలో ఉన్నప్పుడు, మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఇక్కడి మహిళా సంఘాల సభ్యులు టైటాన్‌కు గడియారపు గొలుసులు కూర్చే పనిలో దిగారు. వాళ్ల వ్యాపారమే మీడో అనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయింది. ఆ ఆడవాళ్లే వాటాదార్లు.

మిగతా రూపాలతో పోల్చి చూస్తే ఆ ఎంపిక బలం తెలుస్తుంది. పొదుపు సంఘం చట్టం దృష్టిలో విడిగా ఒక వ్యక్తి కాదు, పెద్ద కాంట్రాక్టు దాని పేరిట నిలవదు. సొసైటీ లాభం పంచకూడదు. అప్పటి చట్టం ప్రకారం పార్ట్‌నర్‌షిప్‌లో 20 మందికి మించి ఉండకూడదు. ఒకరి అప్పు అందరి ఇళ్ల మీద పడేది. ప్రభుత్వ పెత్తనం లేని సహకార సంఘాలకు ఆంధ్రప్రదేశ్ 1995లో చట్టం తెచ్చింది. తమిళనాడులో అలాంటిది లేదు. ప్రైవేట్ కంపెనీకి అప్పట్లో 50 మంది సభ్యుల హద్దు ఉన్నా, అందులో పనిచేసే వాటాదార్లు ఆ లెక్కలోకి రారు. ఒకామె పెళ్లయి ఊరు వదిలినా కంపెనీ ఆగదు, ఒప్పందం చెదరదు. కూలి చేసిన చేతికే యాజమాన్యం దక్కింది. ఈ జిల్లా గర్వంగా చెప్పుకోవలసిన పని ఇది.

అలాగని లేత్ షెడ్డుకు కంపెనీ పెట్టమని దీనర్థం కాదు. చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల సొంత పూచీ అడుగుతుంది. ఆ సంతకంతో పరిమిత బాధ్యత బ్యాంకు దగ్గర పని చేయదు. ముడిసరుకు ఇచ్చినవాళ్ల బాకీల దగ్గరే మిగులుతుంది. మీడోకు కంపెనీ వల్ల దక్కింది చాలామంది కలిసి యజమానులయ్యే పద్ధతి. ఒంటరి కుర్రవాడికి ఆ అవసరమే లేదు. వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల ఫీజు మాత్రం అతని మీద పడుతుంది.

కాబట్టి ఒక్కడే ఉండి అప్పు తక్కువైతే ప్రొప్రైటర్‌షిప్ చాలు. బంధువులు కలిస్తే రిజిస్టరైన డీడ్, అప్పు పెద్దదైతే ఎల్ఎల్‌పీ. యజమానులు ఎక్కువైనా, బయటి పెట్టుబడి వస్తున్నా కంపెనీ. పదిమంది రైతులు కలిస్తే, 2002 సవరణతో వచ్చిన ప్రొడ్యూసర్ కంపెనీ ఉంది. అందులో వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. రూపం తర్వాత మార్చుకోవచ్చు గానీ కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబరు, ఫ్యాక్టరీల దగ్గర కొత్త వెండర్ కోడ్ కావాలి. పెద్ద అప్పు తీసుకునే ముందు, బయటివారికి వాటా ఇచ్చే ముందు, పిల్లలను వ్యాపారంలోకి తెచ్చే ముందు ఆ మార్పు ఆలోచించాలి.